టెక్ సందేహాలు: పేరు కుదరని ఐరిష్ బాణీని వెతికేదెలా?

ప్రశ్న: డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చిన్నప్పుడు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఇక్కడి ఒక పబ్‌లో విన్న హార్న్‌పైప్‌ను (ఒక రకం నాట్య బాణీ) ఫోన్‌లో 40 సెకన్లు రికార్డు చేసి మీకు పంపుతున్నాను. వాయించినవారు దాన్ని ‘కార్క్ హార్న్‌పైప్’ అన్నారు. పాటలను విని గుర్తించే యాప్ షజామ్ గుర్తించలేదు, పేరుతో వెతికితే ఏవేవో వస్తున్నాయి. దీని నొటేషన్, పాత రికార్డింగులు ఎలా సంపాదించాలి?
– ఒక పాఠకుడు, డబ్లిన్

జవాబు: ఇందులో షజామ్ తప్పేమీ లేదు. అది గుర్తుపట్టేది బాణీని కాదు, ఒక ఫలానా రికార్డింగు తాలూకు ధ్వని ముద్రను. అదే బృందం అదే బాణీని మరునాడు మళ్లీ వాయించినా దానికి అది కొత్త శబ్దమే. సంప్రదాయ సంగీతంలో పేరును నమ్ముకోవడమూ ప్రమాదమే, ఎందుకంటే ఒకే బాణీకి ఊరికో పేరు ఉంటుంది, ఒకే పేరుతో నాలుగు బాణీలు తిరుగుతుంటాయి. అందువల్ల ముందుగా స్వరాలతో వెతకాలి.

మీరు పంపిన క్లిప్ విన్నాను. డి శ్రుతిలో మొదటి బార్ (తాళం విభాగం) ‘సపగప సపగప’, రెండోది పై షడ్జం నుంచి ‘సరిగరి సనిదప’. శంకరాభరణం వరుసలు వాయించిన మీ వేళ్లకు ఇది కష్టమేమీ కాదు. ఈ బాణీ ‘హార్వెస్ట్ హోమ్’. ‘కార్క్ హార్న్‌పైప్’ దానికున్న మారుపేరు. ఇంగ్లండులో కోతల పండుగకూ ‘హార్వెస్ట్ హోమ్’ అనే పేరే కాబట్టి, గూగుల్‌లో వెతికేటప్పుడు పక్కన హార్న్‌పైప్ అని చేర్చకపోతే గుమ్మడికాయల బొమ్మలే ఎదురవుతాయి.

నాలాంటివాడు దొరకనప్పుడు ట్యూన్‌పాల్‌ను ఆశ్రయించవచ్చు. డబ్లిన్‌లోనే రూపొందిన ఈ సాధనం మీరు వాయించిన దానిని స్వరాలుగా మార్చి, తన దగ్గరున్న వేలాది బాణీల నొటేషన్‌తో పోల్చి, దగ్గరగా ఉన్నవాటిని చూపిస్తుంది. పబ్ రొద ఉన్న క్లిప్‌ను నేరుగా వినిపించకుండా, మీ వయొలిన్ మీద ఒంటరిగా, గమకాలు లేకుండా వాయించి వినిపించండి.

నొటేషన్ కోసం ‘ద సెషన్’ సైటు చూడండి. అక్కడ ఒక్కో బాణీకి మారుపేర్లు, వేర్వేరువారు రాసిన పాఠాలు (వెర్షన్లు), అది ఉన్న ఆల్బమ్‌లు ఒకే పేజీలో ఉంటాయి. పాఠాలన్నీ ఏబీసీ పద్ధతిలో ఉంటాయి. 1990ల తొలినాళ్లలో క్రిస్ వాల్షా ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి, మనం నోటుపుస్తకంలో స్వరాలు రాసుకున్నట్టే, మామూలు కీబోర్డు అక్షరాలతో సాగుతుంది: పైన మీరు విన్న ‘సపగప’ అక్కడ డి, ఏ, ఎఫ్, ఏ. కీ డి అని పైన ఒకసారి రాస్తే ఎఫ్, సి రెండూ షార్ప్‌లుగానే (అర స్వరం పెంచినవిగానే) లెక్క.

ఇక్కడ చాలామంది బోల్తా పడే సంగతి ఒకటుంది. హార్న్‌పైప్‌ను తరచూ సమాన నిడివి గల స్వరాలుగా రాస్తారు. వాయించేటప్పుడు మాత్రం జంటలో మొదటి స్వరాన్ని సాగదీసి, రెండోదాన్ని కుదిస్తారు. ఆ ఊగు కాగితం మీద కనిపించదు. ఏబీసీ ఫైలులో లయ వరుసలో హార్న్‌పైప్ అని ఉంటే దాన్ని వినదగిన శబ్దంగా మార్చే ఏబీసీ2మిడి ప్రోగ్రామ్ ఆ ఊగును తనంతట తానే కలుపుతుంది. ఆ వరుస లేకపోతే బాణీ కుట్టుమిషను చప్పుడులా వినిపిస్తుంది.

అచ్చు పాఠాలకు షికాగో పోలీసు అధిపతి ఫ్రాన్సిస్ ఓనీల్ సంకలనాలే పెద్ద దిక్కు. 1903 నాటి దానిలో 1850 బాణీలు, 1907 నాటి దానిలో 1001 ఉన్నాయి. రెండింటి స్కాన్‌లూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితం.

రికార్డింగుల విషయంలో ‘ఐరిష్‌ట్యూన్ డాట్ ఇన్ఫో’ మేలు, ఎందుకంటే అది ప్రతి బాణీకి ఒక సంఖ్య ఇచ్చి, పేరు ఏదైనా విని పోల్చిన రికార్డింగులను దానికింద చేరుస్తుంది. 1920, 30లలో మైకేల్ కోల్మన్ వంటి వలస ఫిడిల్ విద్వాంసులు న్యూయార్క్‌లో ఇచ్చిన 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ రికార్డుల తేదీలకు, మ్యాట్రిక్స్ సంఖ్యలకు (ఒక్కో రికార్డింగుకు కంపెనీ ఇచ్చిన గుర్తింపు సంఖ్యలు) శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నడిపే ‘డిస్కోగ్రఫీ ఆఫ్ అమెరికన్ హిస్టారికల్ రికార్డింగ్స్’ (పాత రికార్డుల పట్టిక)లో వెతకండి. ఒక్కో వైపు మూడు నిమిషాల్లో తరచూ రెండేసి బాణీలు వాయించేవారు కనుక, లేబుల్ మీది పేరు చూసి ఆగిపోకుండా చివరిదాకా వినండి. శ్రుతి అర స్వరం తేడాగా ఉంటే, శబ్దాన్ని సవరించే ఆడాసిటీ ప్రోగ్రామ్‌లో ‘చేంజ్ స్పీడ్ అండ్ పిచ్’తో సరిచేయండి, నేర్చుకోవడానికి నెమ్మది చేయాలంటే మాత్రం శ్రుతి మారని ‘చేంజ్ టెంపో’ వాడండి.

మీరు డబ్లిన్‌లోనే ఉన్నారు కాబట్టి మెరియన్ స్క్వేర్‌లోని ఐరిష్ ట్రెడిషనల్ మ్యూజిక్ ఆర్కైవ్‌కు, బాణీ పేర్లన్నీ రాసుకుని, ఒకసారి వెళ్లిరండి.