బీరువా నిండా బట్టలు, వేసుకునేవి నాలుగే

ప్రశ్న: నా వయసు 34. జీతంలో దాదాపు ఎనిమిదో వంతు బట్టలకే పోతోంది. అయినా పొద్దున బీరువా తెరిస్తే వేసుకోవడానికి ఏమీ లేదనిపిస్తుంది. చివరికి తిప్పి తిప్పి అవే నాలుగు జతలు వేసుకుంటాను. నాకంటూ ఒక శైలి ఉండాలని కోరిక. పాతవన్నీ తీసేసి మొత్తం కొత్తగా కొనమని ఒక స్టైలిస్టు సలహా ఇచ్చారు. రెండు నెలల జీతమంత ఖర్చు. అత్యవసర నిధిలోంచి తీయమంటారా, వాయిదాల్లో కొనమంటారా?

జవాబు: రెండూ వద్దు. అత్యవసర నిధి ఉద్యోగం పోయిన నెలకో, ఆసుపత్రి ఖర్చుకో దాచుకున్నది. వాయిదాలైతే ఆ చొక్కా మీద మోజు తీరిపోయాక కూడా కడుతూనే ఉండాలి.

మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట "అవే నాలుగు జతలు". మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు, నాకు మాత్రం సాక్ష్యంలా కనిపించింది. డబ్బు సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లను నెలకు ఎంత ఖర్చు పెడతారని నేను అడగను, బ్యాంకు ఖాతా చూపించమంటాను. నోటితో చెప్పే అంకెకూ ఖాతాలో కనిపించే అంకెకూ పొంతన ఉండటం అరుదు. బట్టల విషయంలో ఆ ఖాతా మీ ఇంట్లో మాసిన బట్టల బుట్ట. వారం వారం అందులో పడేవే మీరు నిజంగా ఎంచుకున్న బట్టలు.

ఆ నాలుగు జతలనూ మంచం మీద పరిచి చూడండి. మెడ ఏ తీరుగా ఉంది, వదులా బిగువా, నూలా కాదా, ముదురు రంగులా లేతవా, జేబులు ఉన్నాయా, ఇస్త్రీ లేకుండా గడిచిపోతుందా? రెండు మూడు లక్షణాలు అన్నింటిలోనూ కనిపిస్తాయి. అవి రాసి పెట్టుకోండి. తరువాత బీరువాలోని హ్యాంగర్లన్నీ కొక్కెం మీ వైపు ఉండేలా తిప్పి తగిలించండి. వేసుకున్న బట్టను తిరిగి పెట్టేటప్పుడు మాత్రం మామూలుగా తగిలించండి. మూడు నెలల తరువాత కూడా తిరగకుండా ఉన్న ప్రతిదాని పక్కనా కారణం రాయండి: భుజం దగ్గర పట్టేస్తోంది, కూర్చుంటే ఇబ్బంది, ఎవరి ఫొటోలోనో చూసి కొన్నాను. భుజం, పొడుగు లాంటివి దర్జీ సరిచేయగలిగితే ముందు ఆ డబ్బు పెట్టండి. కొత్తదానికంటే చాలా తక్కువలో ఒక చొక్కా మళ్లీ వాడుకలోకి వస్తుంది.

ఈ మూడు నెలలూ ఏమీ కొనకండి. మీ లెక్క ప్రకారమే నెల జీతంలో మూడో వంతుకు పైగా మిగులుతుంది.

ఇక ఖరీదు సంగతి. ఒక చొక్కా మరోదానికి మూడింతల ధర అనుకుందాం. చవకది 5 సార్లు వేసుకుని పక్కన పెట్టారు, ఖరీదైనది 60 సార్లు వేసుకున్నారు. వేసుకున్న ప్రతిసారీ పడిన ఖర్చు చూస్తే, ఖరీదైనదానిది చవకదానిలో నాలుగో వంతే. ఈ లెక్క నాకు ఇష్టమే కానీ, దుకాణంలో నిలబడి వేయకండి. అక్కడ ప్రతి కోటునూ 100 సార్లు వేసుకుంటామనే అనిపిస్తుంది. నేనూ అలాగే ఒక గోధుమరంగు కోటు కొన్నాను, రెండుసార్లు వేసుకున్నాను. బుట్టలో రుజువైన రకానికి మాత్రమే ఈ లెక్క వర్తింపజేయండి.

మొత్తం ఒకేసారి మార్చడం మీద నాకున్న భయం వేరు. 18వ శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త దిదెరో ఇంట్లో వేసుకునే పాత అంగీ స్థానంలో ఎర్రటి కొత్తది వచ్చాక, దాని పక్కన గదిలోని కుర్చీ, బల్ల అన్నీ వెలవెలబోయి ఒక్కొక్కటే మార్చాల్సి వచ్చిందని రాసుకున్నాడు. ఈ గొలుసుకట్టు కొనుగోళ్లకు 1988లో గ్రాంట్ మెక్‌క్రాకెన్ అనే మానవశాస్త్రవేత్త ఆయన పేరే పెట్టాడు. కొత్త దుస్తులకు కొత్త బూట్లు, వాటికి తగిన సంచి... మీ రెండు నెలల జీతం అక్కడితో ఆగదు.

ఆ స్టైలిస్టును ఒక్క మాట అడగండి: దుకాణాల నుంచి కమీషన్ వస్తుందా? మా వృత్తిలోనూ ఖాతాదారులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే, చాలామంది మొహమాటపడి అడగరు.

మూడు నెలలు గడిచాక బట్టల ఖర్చును జీతంలో పదహారో వంతుకు దించండి. అందులో నాలుగింట మూడు వంతులు బుట్ట చెప్పిన రకానికి. మిగిలిన పావు వంతు ప్రయోగాలకు, అంటే మీకు నప్పుతుందో లేదో తెలియని రంగుకు, ఎప్పుడూ వేసుకోని తరహా కుట్టుకు. అందులో కొంత వృథా అవుతుందని ముందే ఒప్పుకోండి. ప్రయోగానికి ఇతరులు వాడిన బట్టలు, అరువు తెచ్చినవి అయినా సరిపోతాయి. తీసేసే పాతవాటిని అమ్మితే వచ్చేది స్వల్పమే కాబట్టి ఆ సొమ్మును ఈ లెక్కలో కలపకండి.