నిన్నటిదాకా సేల్స్‌మన్, ఇవాళ మేనేజర్

ప్రశ్న: సేల్స్‌లో ఎప్పుడూ ముందుండేవాణ్ని, ఈమధ్యే మేనేజర్‌ని చేశారు. టీమ్‌లో ఎవరైనా తడబడితే ఊరుకోలేక నేనే మాట్లాడేస్తున్నాను. టెన్షన్ మాత్రం తగ్గట్లేదు. ఏం చేయను?

జవాబు: ముందు ఆ మధ్యలో దూరడం మానండి. కస్టమర్ ‘రేటు ఎక్కువ’ అనగానే మీరు ఫోన్ లాక్కుని డిస్కౌంట్ ఇచ్చేస్తే ఆ డీల్ వస్తుంది గానీ, రేపటి నుంచి అతను నేరుగా మీకే ఫోన్ చేస్తాడు, మీ కుర్రాడేమో కష్టమైనదల్లా మీ నెత్తిన పెట్టేస్తాడు. పక్కనే కూర్చోండి, నోరు మెదపకండి (చచ్చేంత కష్టం, తెలుసు). కాల్ అయ్యాక ‘దేనితో పోల్చి ఎక్కువన్నాడో అడిగావా?’ అని ఒక్క ప్రశ్న వేయండి, చాలు. నెలాఖరున అంకెలు చూసి అరిస్తే లాభం లేదు. వారం మొదట్లోనే ఒక్కొక్కరితో విడిగా కూర్చుని ఏ డీల్ ఎక్కడ ఆగిందో చూడండి. మీ పాత కస్టమర్లనూ వాళ్లకి అప్పగించేయండి, దాచుకోకుండా.