కీచురాళ్లు సగం చచ్చిపోతున్నాయి, వెయ్యి ఉన్న డబ్బా కొంటే కలిసొస్తుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా బాబుకి తొమ్మిదేళ్లు. వాడి కోసం తెచ్చిన బేర్డెడ్ డ్రాగన్‌కి (తొండలాంటి పెంపుడు జీవి) ఇప్పుడు 11 నెలలు. ప్రతి శనివారం పెట్ షాపులో 14 డాలర్లు పెట్టి వంద కీచురాళ్లు తెస్తాం. అది తినేది యాభై. మిగతావి కొన్ని డబ్బాలో చచ్చిపోతాయి, కొన్ని ట్యాంకులోనే తిరుగుతుంటాయి. ఆన్‌లైన్‌లో షిప్పింగ్‌తో కలిపి వెయ్యి కీచురాళ్లు 35 డాలర్లు, వంద డూబియా బొద్దింకలు 25 డాలర్లు చెబుతున్నారు. ఏది లాభం? మా వారేమో పెరట్లో పురుగులు పట్టి వేస్తే ఈ ఖర్చే ఉండదంటున్నారు.

జవాబు: వెయ్యి డబ్బా వద్దండి. ఒక్కోటి మూడున్నర సెంట్లు అనగానే చవకగా అనిపిస్తుంది గానీ, లెక్క కొన్నవాటి మీద కట్టకండి, దాని కడుపులోకి వెళ్లినవాటి మీద కట్టండి. ఇప్పుడు 14 డాలర్లకు యాభై తింటోందంటే ఒక్కో కీచురాయి మీకు 28 సెంట్లు పడుతోంది. అమ్మే పెద్ద సైజు కీచురాళ్లకు అప్పటికే వయసైపోయి ఉంటుంది, ఎంత బాగా చూసుకున్నా మహా అయితే రెండు మూడు వారాలు బతుకుతాయి. మూడు వారాల్లో మీ డ్రాగన్ తినేది 150, అంటే 35 డాలర్లను 150తో భాగించాలి, 23 సెంట్లు. ఐదు సెంట్ల కోసం 850 చచ్చిన పురుగుల కంపు ఇంట్లో పెట్టుకోవడమెందుకు?

పైగా ఈ ఖర్చు ఇలాగే ఉండదు. ఇది మన తొండ కుటుంబానికి చెందిన జీవే, పిల్లగా ఉన్నప్పుడు రోజూ పురుగులు కావాలి, ఏడాది ఏడాదిన్నర దాటాక వారానికి రెండు మూడుసార్లు చాలు, మిగతాదంతా ఆకుకూరలే. ఆవకూర, కొలార్డ్ ఆకులు, బటర్‌నట్ గుమ్మడి తురుము పెట్టొచ్చు. ఇంట్లో ఉన్నాయి కదా అని పాలకూర, తోటకూర రోజూ వేయకండి, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పురుగుల అవసరం తగ్గిపోయే టైములో పెద్ద స్టాకు కొనడం గానీ, సొంతంగా పెంచుదామని హీటర్లు, డబ్బాలు తెచ్చుకోవడం గానీ దండగ. ఒక్క జీవానికి అది ఎప్పటికీ గిట్టుబాటు కాదు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది మాత్రం ట్యాంకులో తిరుగుతున్న ఆ మిగిలినవే. పడేసిన డబ్బు కన్నా అవే మీకు ఖరీదు. రాత్రి లైట్లు ఆరాక డ్రాగన్ నిద్రపోతుంది, కీచురాళ్లకు అప్పుడే పొద్దు పొడుస్తుంది. తినడానికి, తడికి ఏమీ దొరక్కపోతే దాని కాలివేళ్లు, తోక చివర, కంటి రెప్పల అంచులు కొరుకుతాయి. ఆ పుండు చీము పడితే సరీసృపాలను చూసే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ఒక్కసారి వెళ్లొచ్చే బిల్లు నెలల తరబడి కొన్న కీచురాళ్ల ఖర్చును మించిపోవచ్చు. ఇంకోటి, వేసేముందు పురుగుల మీద మీరు చల్లిన కాల్షియం పొడిని అవి కొన్ని గంటల్లోనే ఒంటి మీంచి తుడిచేసుకుంటాయి, కాబట్టి మర్నాడు డ్రాగన్ వాటిని పట్టి తిన్నా ఆ పొడి దానికి అందదు.

అందుకని నాలుగైదు చొప్పున వేయండి, అవి తిన్నాక మళ్లీ వేయండి, పది పదిహేను నిమిషాలయ్యాక ఆపేసి మిగిలినవి తీసేయండి. రాళ్ల కింద దూరినవి చేతికి చిక్కవు. సాయంత్రం ఒక క్యారెట్ ముక్క, గుడ్ల అట్ట ముక్క కలిపి ట్యాంకులో ఓ మూల పెట్టండి, లైటు ఆరిన కాసేపటికి తడి కోసం అన్నీ దాని మీదికే చేరతాయి, అట్టను మెల్లగా ఎత్తి డబ్బాలో దులపడమే. ఈ పని మీ బాబుకి అప్పగించండి, ఎన్ని వేశాడో, ఎన్ని వెనక్కి వచ్చాయో ఫ్రిజ్ మీద కాగితంలో రాయమనండి. రెండు వారాల ఆ లెక్కే మీ బడ్జెట్.

డబ్బాలో అవి చావడానికి చాలావరకు చెమ్మే కారణం. మూతకు పెద్ద కన్నం చేసి సన్నటి ఇనుప జాలీ అంటించండి, నీళ్ల గిన్నె పెట్టకండి, మునిగి చస్తాయి, క్యారెట్ ముక్క చాలు, రోజూ మార్చండి. చచ్చినవాటిని ఏ రోజుకారోజు ఏరేయండి. అక్కర్లేనివి ఉంటే బయట వదలకుండా ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత చెత్తలో వేయండి.

ఇక డూబియాలు. ఒక్కోటి 25 సెంట్లంటే ఎక్కువే అనిపిస్తుంది, కానీ మీడియం సైజుది ఒకటి దాదాపు రెండు కీచురాళ్ల పెట్టు. అరవవు, పెద్దగా వాసన వేయవు, నున్నటి ప్లాస్టిక్ డబ్బా ఎక్కలేవు, అన్నిటికన్నా ముఖ్యం, నెలల తరబడి బతుకుతాయి. ఈ వారం మిగిలింది వచ్చే వారం పనికొస్తుంది కదా, డబ్బు ఎక్కడికీ పోదు. నేనైతే డూబియాలే కొనమంటాను. బొద్దింకల పేరెత్తితేనే మీ వారు వద్దంటే, షాపులో కీచురాళ్లు యాభై మాత్రమే కొనండి, విడిగా అడిగితే లెక్కపెట్టి ఇచ్చే షాపులు ఉంటాయి.

పెరటి పురుగుల మాట మర్చిపొమ్మనండి. పక్కింటి లాన్‌లో ఏ మందు కొట్టారో మీకు తెలియదు. మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా బేర్డెడ్ డ్రాగన్ ప్రాణం పోవచ్చు, టెక్సస్ వేసవిలో అవి కనబడతాయి కూడా.

యాభైకి దిగితే వారానికి 7 డాలర్లు, ఏడాదికి 364 మిగులుతాయి. వాటిని కిరాణా ఖర్చులో కలిసిపోనివ్వకుండా హై యీల్డ్ సేవింగ్స్‌లో (ఎక్కువ వడ్డీ ఇచ్చే పొదుపు ఖాతా) విడి అకౌంటు తెరిచి నెలకు 30 డాలర్లు ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాల్సిన ట్యాంకు యూవీబీ (అతినీలలోహిత కిరణాల) లైటు, డాక్టరు ఖర్చు అందులోంచే తీయండి, బాబు 529 ప్లాన్‌ను (చదువు కోసం దాచే ఖాతా), మీ ఎమర్జెన్సీ ఫండ్‌ను కదపకండి. ఈ డ్రాగన్లు మామూలుగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు బతుకుతాయి, వాడు కాలేజీలో చేరే రోజుకు కూడా ఇది మీ ఇంట్లోనే ఉండొచ్చు, అప్పుడు చూసుకునేది మీరిద్దరే.

ఈ రాత్రికే ట్యాంకు ఖాళీ చేయండి. రేపు పొద్దున వెలుతురులో దాని వేళ్లు, తోక, కళ్ల చుట్టూ ఒకసారి చూడండి, ఎర్రగా గానీ, పుండుగా గానీ కనిపిస్తే ఫండ్ పోగయ్యేదాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి.