కరోనాలో తిరుపతి ఎలా ఉండిందంటే

కరోనాకు ముందు తిరుపతి ఎలా ఉండేది, లాక్‌డౌన్‌లో ఊరు ప్రశాంతంగా, అందంగా ఉండేదట కదా అని అడిగారు. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. మా నాన్న రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న లాడ్జిలో క్లర్కు. మామ కొండకు ట్యాక్సీ నడిపేవాడు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు ముందే జవాబు చెప్పేస్తాను. లేదండీ. ఊరు ఖాళీగా ఉన్నమాట నిజం, అందంగా మాత్రం లేదు.

2011 జనాభా లెక్కల్లో మా ఊరు మూడు లక్షల లోపే. మామూలు రోజుల్లో కొండ మీద దర్శనానికి వెళ్లేవాళ్లు రోజుకు 60, 70 వేలమంది. సెలవులు వచ్చినా, తమిళుల పెరటాసి నెల శనివారాలు వచ్చినా ఇంకా ఎక్కువ. వీళ్లలో చాలామంది మా వీధుల మీదుగా పోవాల్సిందే. రాత్రి రెండింటికి రైలు దిగేవాళ్లుంటారు, తెల్లవారుజామున నాలుగింటికి రూమ్ ఖాళీ చేసేవాళ్లుంటారు. స్టేషన్ ముందు ఇడ్లీ బండికి అర్ధరాత్రి కూడా బేరమే. గోవిందరాజస్వామి గుడి చుట్టూ గాజులు, కొయ్యబొమ్మలు, ఎర్రదారాలు, స్వామి పటాలు. కొత్త గుండుకు చందనం పూసుకుని నాన్న భుజమెక్కిన పిల్లలు. ఎక్కడ చూసినా గోవింద నామం.

మా నాన్న వాళ్ల లాడ్జిలో రూమ్ బాయ్ ఒకాయన ఉండేవాడు. పేరుకే బాయ్, వయసు అరవై దాటింది. పుత్తూరు వైపు పల్లె. బడికి పోయిన మనిషి కాదు, అయినా గుమ్మంలో దిగిన కుటుంబాన్ని ఒక్క చూపు చూసి తమిళమో, కన్నడమో, మరాఠీ కలిసిన హిందీయో అందుకునేవాడు. వేణ్ణీళ్లు ఎప్పుడొస్తాయి, చెప్పులు ఎక్కడ వదలాలి, పిల్లలకు పాలు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ వాళ్ల భాషలోనే చెప్పేవాడు. తిరుపతి అంటే ఏమిటని నన్నడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే.

2020 మార్చి 20 నుంచి దర్శనాలు ఆపేశారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. లోపల కైంకర్యాలు ఆగలేదు. సుప్రభాతం నుంచి ఏకాంత సేవ దాకా అన్నీ ఏకాంతంగానే జరిగాయి. మా అవ్వ ఆ ఒక్క మాట పట్టుకునే ధైర్యంగా ఉండింది. "స్వామికి ఆరగింపు జరుగుతా ఉంది కదరా, ఇంకేం భయం" అనేది.

లాడ్జిలో ఉన్న చివరి కుటుంబాన్ని పంపించాక నాన్న షట్టర్ దించబోతే అది కిందికి రాలేదు. రాత్రీ పగలూ తెరిచి ఉండే చోటు కదా, దాన్ని దించిన గుర్తు ఎవరికీ లేదు. పక్క పట్టాల్లో తుప్పు. కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి, ముగ్గురు వేలాడితే సగం దాకా వచ్చింది. తాళం కూడా లేదు. మెడికల్ షాపులు తప్ప అన్నీ మూసిన రోజు, తాళం ఎక్కడ దొరుకుతుంది? చివరికి మా ఇంటి బీరువా పక్కన వేలాడే పాత తాళం పట్టుకుపోయి వేశాం.

ఘాట్ రోడ్డులో చిరుత, తిరుమల వీధుల్లో జింకలు, ఎలుగుబంట్లు అని ఫోన్లలో వీడియోలు తిరిగాయి. దూరంగా ఉన్నవాళ్లు ఎంత బాగుందో అని మురిసిపోయారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఆ రోడ్డు మీద బండి నడిపితేనే ఇంట్లో పొయ్యి వెలిగేవాళ్లు మా వీధిలో ఎంతోమంది. కల్యాణకట్టలో గుండుకింత అని తీసుకునే పీస్ రేట్ క్షురకులకు, ఒక్క తలా రాని రోజుల్లో ఏం వస్తుంది? టీటీడీ వాళ్లు ఊళ్లో అన్నం పొట్లాలు పంచారు, అది చాలామందిని ఆదుకుంది. కొండకొచ్చేవాళ్లకు టిఫిన్ అమ్మి బతికిన మనుషులే పొట్లం కోసం లైన్లో నిలబడ్డారు. మా మామ ట్యాక్సీ వెనక సీటు తీసేసి, మదనపల్లె టమాటాలు వేసుకుని మా ఊళ్లోనే జీవకోన ప్రాంతంలో ఇంటింటికీ అమ్మాడు. మొదటి రోజు గొంతెత్తి అరవడానికి సిగ్గుపడి, అత్తను పక్కన కూర్చోబెట్టుకుని పోయాడు.

మే నెలలో గంగమ్మ జాతర. యాత్రికుల కోసం కాదు, అచ్చంగా ఊరివాళ్ల పండుగ అది. చాటింపు వేశాక ఊరు దాటి రాత్రి ఉండకూడదంటారు. కొండ మీది స్వామికి చెల్లెలని అమ్మవారికి తిరుమల నుంచి సారె వస్తుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అని మగవాళ్లు, పిల్లలు రోజుకొక వేషంతో వీధుల్లో తిరుగుతారు. ఆ ఏడాది వేషాల్లేవు, జనం లేరు. అమ్మ ఇంట్లోనే పొంగలి పెట్టి, వేపాకు కట్టి దండం పెట్టుకుంది. నాకు లాక్‌డౌన్ మొత్తంలో ఊరు లేనట్టు అనిపించింది ఆ వారమే.

మే 25 నుంచి యాభై రూపాయల లడ్డూ పాతికకే అమ్మారు. ఊళ్లో ఉండేవాళ్లం లడ్డూకు పెద్దగా ఎగబడం, ఎవరో ఒకరు తెచ్చిస్తూనే ఉంటారు. ఆ రోజు మాత్రం నాన్న తెచ్చిన లడ్డూను అవ్వ కళ్లకద్దుకుని చాలాసేపు తినలేదు.

జూన్ 8 నుంచి టీటీడీ ఉద్యోగులు, స్థానికులతో ట్రయల్, 11 నుంచి అందరికీ దర్శనం మొదలైంది. రోజుకు సుమారు ఆరు వేలమందికే. జులై 21 నుంచి మళ్లీ ఊళ్లో ఆంక్షలు, పొద్దున 11 దాటితే కొట్లు బంద్. యాత్రికులు పడుకునే శ్రీనివాసం, విష్ణునివాసం కొవిడ్ కేర్ సెంటర్లయ్యాయి. సెప్టెంబర్ బ్రహ్మోత్సవాలు కూడా గుడి లోపల ఏకాంతంగానే. గరుడసేవకు మాడవీధులు ఖాళీగా ఉండటం మా తరం ఎన్నడూ చూడలేదు.

సెకండ్ వేవ్ గురించి ఎక్కువ రాయలేను. 2021 మే 10 రాత్రి మా ఊరి ప్రభుత్వాసుపత్రి రుయాలో ఆక్సిజన్ అందక 11 మంది పోయారని ప్రభుత్వమే చెప్పింది. ఆ రాత్రి అంబులెన్సుల మోతకు మా వీధిలో ఎవరూ పడుకోలేదు. ఆ నెలలోనే పుత్తూరు నుంచి ఫోన్ వచ్చింది, రూమ్ బాయ్ పెద్దాయన పోయాడని. నాన్న పోవడానికి కూడా వీల్లేకపోయింది.

ఇప్పుడు ఊరు మళ్లీ కిటకిటలాడుతోంది. లాడ్జి షట్టర్ పైనే ఉంది. భాష తెలియక గుమ్మంలో తడబడే కుటుంబాలతో ఇప్పుడు నాన్నే వచ్చిన హిందీలో మాట్లాడతాడు, పెద్దాయన దగ్గర నేర్చుకున్నదే. మామ ట్యాక్సీ అమ్మేసి జీవకోనలోనే కూరగాయల కొట్టు పెట్టుకున్నాడు. సీజన్‌లో డ్రైవర్లు దొరక్క పాత స్నేహితులు పిలిచినా పోవడం లేదు. మీరు తిరుపతి వస్తే సాయంత్రం పూట గోవిందరాజస్వామి గుడి వైపు నడవండి. తోపులాట ఉంటుంది, పర్సు జాగ్రత్త.