చమురు వీళ్ళది, దారి వాళ్ళది

ప్రశ్న: దక్షిణ సూడాన్‌లో 2011లో దాదాపు 99 శాతం మంది విడిపోవాలనే ఓటేశారు. సూడాన్ చమురులో ముప్పాతిక వంతు వాళ్ళకే వచ్చిందని చదివాను. మరి ఇన్నేళ్ళైనా ఎందుకు కోలుకోలేదు? అంతర్యుద్ధం ఒక్కటే కారణమా?
– డిగ్రీ విద్యార్థిని, నంద్యాల

జవాబు: యుద్ధం పెద్ద కారణమే, కాదనను. కానీ అది మొదలైంది 2013 డిసెంబరులో. అప్పటికే ఆ దేశం ఒకసారి తన ఖజానాకి తనే తాళం వేసుకుంది.

బావులు దక్షిణాన ఉన్నాయి, నిజమే. సముద్రం లేదు. ఆ చమురు ఓడెక్కాలంటే సూడాన్ భూమిలోంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా పైప్‌లైన్‌లో పోయి ఎర్ర సముద్రం ఒడ్డున పోర్ట్ సూడాన్ చేరాలి. పొలం మీ పేరున రిజిస్టరైంది, బండిబాట మాత్రం నిన్నటిదాకా కొట్లాడిన దాయాది చేలోంచి ఉంది... పల్లెలో పెరిగినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. 2005 శాంతి ఒప్పందం కింద దక్షిణాది చమురు ఆదాయాన్ని ఇద్దరూ సగం సగం పంచుకునేవాళ్ళు. జనవరిలో ఓటు పడింది, జులై 9న జెండా ఎగిరింది, బ్యారెల్‌కి దారి బాడుగ ఎంతన్నది మాత్రం తేలనేలేదు. సూడాన్ 36 డాలర్లు అడిగింది, వీళ్ళు ఒక్క డాలరు కూడా నిండని మాట చెప్పారు. బేరం తెగకపోయేసరికి నాకు రావాల్సింది నేనే తీసుకుంటానని సూడాన్ చమురు పట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతో 2012 జనవరిలో దక్షిణ సూడాన్ ప్రభుత్వం (రాజధాని జూబా) ఏకంగా ఉత్పత్తే ఆపేసింది. ప్రభుత్వ రాబడిలో 98 శాతం అదేనండీ!

పైగా ఆపడం కూడా కుళాయి కట్టేసినంత తేలిక కాదు. అక్కడి ముడిచమురులో మైనం పాలు ఎక్కువ, చల్లబడితే గొట్టంలోనే గడ్డకడుతుంది. అందుకని దారి పొడవునా వేడి చేస్తూ పంపాలి, ఆపేటప్పుడు గొట్టాల్లోకి నీళ్ళు పంపి కడగాలి. (అక్కడి బావుల్లో మన ఓఎన్‌జీసీ విదేశ్‌కీ వాటా ఉంది, ఆ దెబ్బ కాస్త మనకూ తగిలింది.)

2012 సెప్టెంబరులో అడిస్ అబాబాలో రాజీ కుదిరి, మరుసటి ఏప్రిల్‌కి చమురు మళ్ళీ పారింది. రాజీ ఏమిటంటే, మార్గాన్ని బట్టి బ్యారెల్‌కి 9 నుంచి 11 డాలర్ల బాడుగ, అదికాక సూడాన్ నష్టం పూడ్చడానికి మొత్తం 300 కోట్ల డాలర్లు తీరేదాకా ఇంకో 15 డాలర్లు. నన్నడిగితే అసలు కొంప మునిగింది ఇక్కడే, ఎందుకంటే చమురు 100 డాలర్లు పలుకుతున్నప్పుడు 25 పోయినా ఎవరికీ నొప్పి తెలియలేదు, 2016 మొదట్లో ధర 30 కిందికి జారినప్పుడు కూడా అదే 25 కట్టాలంటే చేతిలో మిగిలేదేముంది? ధరలో ఇంత శాతం అని రాసుకోవాల్సింది. చివరికి ఆ ఏడాదే మళ్ళీ కూర్చుని లెక్క మార్చుకున్నారు. ఈలోగా 2015 డిసెంబరులో, డాలరుకి 3 దక్షిణ సూడాన్ పౌండ్ల దగ్గర బలవంతాన పట్టి ఉంచిన మారకం రేటు వదిలేస్తే ఒక్కరోజులో 18 దాటింది. జీతం అదే, జొన్నపిండి ధర మాత్రం అది కాదు.

ఆ దారి టెన్షన్ ఇప్పటికీ పోలేదు. 2024 ఫిబ్రవరిలో సూడాన్ అంతర్యుద్ధం మధ్యలో పైప్‌లైన్ పగిలితే జూబా ఎగుమతుల్లో ఎక్కువ భాగం నెలల తరబడి ఆగిపోయింది. ఆ యుద్ధం వీళ్ళది కూడా కాదు.

ప్రశ్న: విడిపోయినవాళ్ళ సంగతి సరే, మిగిలిన సూడాన్ ఏమైంది?
– రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, వరంగల్

జవాబు: అదీ బాగుపడలేదు. ముప్పాతిక చమురు పోవడంతో డాలర్లు ఎండిపోయాయి, బయటినుంచి గోధుమలు కొనడం కష్టమైంది. 2013 సెప్టెంబరులో ఇంధనం సబ్సిడీ కోస్తే జనం రోడ్డెక్కారు, కాల్పుల్లో చాలామంది చనిపోయారు. 2018 డిసెంబరులో రొట్టె ధర మూడింతలైంది, అట్‌బరా ఊళ్ళో మొదలైన గొడవ రాజధాని ఖార్టూమ్ దాకా పాకి, 2019 ఏప్రిల్‌లో అధ్యక్షుడు బషీర్ ముప్పై ఏళ్ళ పాలనకి నూకలు చెల్లాయి. అంతా విభజన వల్లే అనలేం, ఆంక్షలూ సైన్యం ఖర్చూ అవినీతీ ముందునుంచే ఉన్నాయి. కానీ వాటిని కప్పిపుచ్చింది చమురు డబ్బే, అది పోగానే అన్నీ బయటపడ్డాయి.

ప్రశ్న: స్కాట్లాండ్ వాళ్ళు 2014లో బ్రిటన్ నుంచి విడిపోవడం డబ్బుకి భయపడే వద్దన్నారా?
– ఓ పాఠకుడు, ఒంగోలు

జవాబు: చాలావరకు అంతే అనుకుంటాను. 55 శాతం మంది వద్దన్నారు. విడిపోయినా పౌండే వాడుకుంటామని అక్కడి నాయకులు అంటే, లండన్‌లో ఆర్థికమంత్రి ఆస్‌బర్న్ కుదరదని తేల్చేశారు. ఓటుకు వారం ముందు పెద్ద బ్యాంకులు, మీరు విడిపోతే మా రిజిస్టర్డ్ ఆఫీసు ఇంగ్లండ్‌కి మార్చేస్తామన్నాయి. నెలనెలా ఇంటి లోను కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఇంకోటి చెప్పాలి. విడిపోవాలన్నవాళ్ళు గెలిస్తే స్వాతంత్ర్య దినంగా అనుకున్నది 2016 మార్చి 24. లెక్కలన్నీ అక్కడి సముద్రపు చమురు బ్యారెల్ 110 డాలర్ల చుట్టూ అల్లుకున్నారు, ఆ రోజుకి బ్యారెల్ ధర 40.