డిప్రెషన్ మందు పనిచేయకపోతే మార్చేయాలా?

ఎస్సిటాలోప్రామ్ మూడు వారాలుగా వేసుకుంటున్నా తేడా లేదు, మార్చేయనా అని అడిగారు. తొందరపడకండి. సరిపడా డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు వాడితే గానీ ఒక మందు పనిచేయలేదని తేల్చలేం, మధ్యలో ఎన్ని మాత్రలు మర్చిపోయారో కూడా నిజాయితీగా లెక్కేసుకోండి (చాలామంది విషయంలో అసలు కథ అక్కడే ఉంటుంది). అప్పటికీ గుణం లేకపోతే డాక్టర్ వేరే మందుకి మారుస్తారు, కొంచెం తేలికపడితే మాత్రం ఉన్నదాన్ని అలాగే ఉంచి లిథియమో అరిపిప్రజోలో జోడిస్తారు.

ఒక మందుతో నయం కాకపోతే దాన్ని మార్చడమో, ఇంకొకటి జోడించడమో చేస్తూ విడతలవారీగా డిప్రెషన్ చికిత్సని పరీక్షించిన అధ్యయనం స్టార్-డి. అమెరికాలో దాదాపు 4,000 మందితో చేసిన దీని ఫలితాలు 2006లో వచ్చాయి: మొదటి, రెండో విడతల్లో ఒక్కోదానిలో ఇంచుమించు మూడో వంతు మంది కోలుకున్నారు, మూడో విడత నుంచి అది బాగా పడిపోయింది. ఈ లెక్కలు ఎక్కువ చేసి చూపారన్న విమర్శా ఉంది.

మీ అంతట మీరు మాత్రం టక్కున ఆపేయకండి, పారోక్సెటిన్, వెన్లాఫాక్సిన్ లాంటివైతే తల తిరగడం, బుర్రలో కరెంటు షాక్ కొట్టినట్టు ఝల్లుమనడం మామూలే. చచ్చిపోవాలనిపిస్తే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి ఫోన్ చేయండి.