పక్కపక్కన ఉంటే సమాంతరమేనా?

సందేహం: టీవీ రిమోట్‌లో రెండు సెల్స్ పక్కపక్కనే ఉంటాయి కదా. మా అబ్బాయి మాత్రం అది ‘సమాంతర సంధానం’ (ప్యారలల్) కాదు, ‘శ్రేణి సంధానం’ (సిరీస్) అంటున్నాడు. ఏది ఒప్పు? వీటికి మన మాటలు లేవా?

సమాధానం: అబ్బాయిదే ఒప్పు. మిమ్మల్ని దారి తప్పించింది ‘సమాంతరం’ అన్న మాట. సమానమైన ఎడం అని దాని అర్థం. గీతలకు అది తగినదే కానీ, విద్యుత్తుకు ఎడంతో పని లేదు. ఏ కొస ఏ కొసను తాకుతోందన్నదే లెక్క. రిమోట్‌లో ఒక సెల్ తలకిందులుగా ఎందుకు పడుకుంటుంది? దాని ధన ధ్రువం పక్కదాని ఋణ ధ్రువానికి రేకు ద్వారా అందడానికి. 1.5, 1.5 కలిసి 3 వోల్టులు. వ్యాకరణంలో సంధి జరిగినప్పుడు ముందు పదం చివర తర్వాతి పదం మొదలును కలిసినట్టే ఇదీ. సంధి, సంధానం ఒకే ధాతువు బిడ్డలు మరి. ‘శ్రేణి’ అంటే వరుస.

మన మాటలు లేవా అన్నారు. ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. సెల్‌ను ‘ఘటం’, బ్యాటరీని ‘ఘటమాల’ అన్న పెద్దలు సగం పని చేసిపెట్టారు. మాల అన్నాక పేట ఉండదా? ఒంటిపేట గొలుసు, రెండు పేటల దండ, మూడు పేటల తాడు అంటూనే ఉన్నాం. రెండు తాళ్లను కొసాకొసా ముడివేయండి: పొడవు పెరుగుతుంది, మోసే బరువు పెరగదు. అవే తాళ్లను రెండు పేటలుగా పేనండి: పురి తిప్పడంలో జానెడు తగ్గితే తగ్గవచ్చు గానీ, బలం రెట్టింపు. అలాగే శ్రేణి సంధానాన్ని ‘ఒంటిపేట’, సమాంతర సంధానాన్ని ‘జంటపేట’ అందాం. 12 వోల్టుల, 100 ఆంపియర్-గంటల (ఇది బ్యాటరీ నిల్వ సామర్థ్యానికి కొలత) బ్యాటరీలు రెండింటిని ఒంటిపేటగా కలిపితే 24 వోల్టులు, ఆంపియర్-గంటలు 100 దగ్గరే ఆగుతాయి. జంటపేటగా కలిపితే 12 వోల్టులే, ఆంపియర్-గంటలు 200. అసలు ఆ 12 వోల్టుల సీసం బ్యాటరీయే ఆరు ఘటాల ఒంటిపేట! ఊళ్ల పేర్ల చివర వచ్చే ‘పేట’ వేరు. దాని జోలికి పోతే ఈ పుట చాలదు.

నన్ను విసిగించేవి ‘సిరీస్ చేయబడిన బ్యాటరీలు’, ‘సమాంతరముగా కలపబడవలెను’ వంటి రాతలు. ఎవరు కలపాలో చెప్పడానికి అంత మొహమాటం దేనికి? ‘సమాంతరముగా’ అనే బదులు ‘ధన ధ్రువాన్ని ధన ధ్రువానికి, ఋణ ధ్రువాన్ని ఋణ ధ్రువానికి కలపండి’ అంటే ఏ పరిభాషా లేకుండానే పని జరుగుతుంది.

పరీక్షలో మాత్రం శ్రేణి, సమాంతర సంధానాలనే రాయమనండి. ‘జంటపేట’ అని రాసి మార్కులు పోతే ఆ నింద నాకు వద్దు. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మీ ఇష్టం. ‘పక్కపక్కన కలపడం’ అని మాత్రం అనకండి, రిమోట్ మూత తీసి చూసినవారు ఒప్పుకోరు.